బాల్ జాయింట్లు ఎంచిన చెయ్యి

ఆ లారీ నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్దది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు వేలం వేస్తే యూనివర్సిటీ కొన్నదట. అరవైల చివర నేను రవాణా సెక్షన్‌లో స్టోర్ క్లర్కుగా చేరేనాటికి దాని మొదటి పచ్చరంగు మీద ఇంకో నాలుగు రంగులు పడి, ఏ రంగో చెప్పలేని స్థితికి వచ్చింది. హాస్టళ్లకు బియ్యం బస్తాలు, పరీక్షలకు బల్లలు, లైబ్రరీకి పుస్తకాల పెట్టెలు, ఎండాకాలం నీళ్ల ట్యాంకు, అన్నీ దాని నెత్తినే. తార్నాక చౌరస్తాలో అది మలుపు తిరిగితే మల్కాజ్‌గిరిలో నిద్రపోయేవాళ్లు లేచి కూర్చుంటారని మేమంతా ఎగతాళి చేసేవాళ్లం. చేయనివాడు ఒక్కడే, మా బావ. ఆ లారీ డ్రైవరు ఆయనే.

బావ అంటే మా అక్క మొగుడు. ఊళ్లో మా నాయన పోయాక నన్ను పట్నం తీసుకొచ్చి, లాలాపేట్‌లో తన రెండు గదుల కిరాయి ఇంట్లోనే పెట్టుకుని, పీయూసీ దాకా చదివించి, చివరికి సెక్షన్ ఆఫీసరు ముందు నిలబెట్టి ఉద్యోగం ఇప్పించిన మనిషి. "గీడు నా బామ్మర్ది సార్. లెక్కలొస్తయి, అబద్ధాలు రావు" అని ఆయన ఆఫీసరుతో అన్న మాట నాకు ఇంకా వినపడుతుంది. ఆ రెండో సంగతి ఎంత తప్పో మీకు ఈ నాలుగు పేజీల్లో తెలుస్తుంది.

స్టోర్ క్లర్కు ఉద్యోగం నాకు అతికినట్టు సరిపోయింది. నాకు చిన్నప్పటి నుంచి అనుమానం జాస్తి. బోల్టు తీసుకుపోయినవాడు నట్టు ఎందుకు అడగలేదా అని అన్నం తింటూ కూడా ఆలోచించేవాణ్ని. బావ నన్ను సీఐడీ అని పిలిచేవాడు. "మీ తమ్ముడు పప్పుల గింజలు గూడ లెక్కవెడుతున్నడు చూడు" అని అక్కతో చెప్పి నవ్వేవాడు. నాకు కోపం వచ్చేది. ఆయన మీద నాకు కోపం తేలిగ్గా వచ్చేది, ఎందుకంటే నేను ఎంత కోప్పడినా ఆయన తిరిగి కోప్పడడని తెలుసు.

నేను చేరిన రెండో ఏడు వానలు తగ్గుతున్న రోజుల్లో లారీ స్టీరింగ్ వదులైంది. పూర్తిగా పావు చుట్టు తిప్పితే గాని ముందు చక్రాలు కదిలేవి కావు. దాన్ని పనికిరానిదని రాసి వదిలించుకోవాలని ఆఫీసరుకు ఎప్పటి నుంచో ఉంది. బావ వెళ్లి చేతులు కట్టుకుని నిలబడితే, ముందు చక్రాలు సరిచేయించండి, షెడ్డు మేస్త్రీ బాగుందంటే ఇంకొన్నాళ్లు తిరగనిద్దాం అన్నాడు. లారీ పోతే బావకు బస్సు ఇవ్వరు. బస్సులకు మనుషులున్నారు. ఇరవై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాడు గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చోవాలి. ఆ మాట ఆయన పైకి అనలేదు గాని, ఆ వారమంతా ఇంట్లో సరిగ్గా అన్నం తినలేదు.

సరిచేయడం అంటే బాల్ జాయింట్లు మార్చడమే. ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని రెండు కొసలకూ రెండు జాయింట్లు. ఇనుప గిన్నెలో ఇనుప గుండు, ఆ గుండుకొక మెడ, అంతే సంగతి. మన భుజం కీలు మాదిరి అది అన్ని వైపులా తిరగాలి, కానీ ఊగకూడదు. ఊగిందంటే స్టీరింగ్ ఒక దారి చెబుతుంది, చక్రం ఇంకో దారి పడుతుంది. అంత పాత బండికి కొత్త జాయింట్లు ఎక్కడా దొరకవు. విప్పేసిన పాత లారీల నుంచి తీసినవాటిలోంచే మంచివి ఏరుకోవాలి. దానికి సికింద్రాబాద్ రాణిగంజ్ పోవాలి, సామాన్ల దుకాణాల్లో కుప్పల ముందు గొంతుక్కూర్చోవాలి.

ఆ ఎంచడంలో మా బావను మించినవాడు లేడని డ్రైవర్లంతా అనేవాళ్లు. తెలియనివాడు సాఫీగా తిరిగే జాయింట్‌ను మంచిదనుకుంటాడు. నిజానికి సాఫీగా తిరిగేది అరిగిపోయింది. మంచిది మొండికేస్తుంది, బలంగా తోస్తే గాని కదలదు. దుకాణదారులకు ఇది తెలుసు గనుక, అరిగినదాన్లో చిక్కటి గ్రీజు కూరి బిగువుగా ఉన్నట్టు చూపిస్తారు. బావ ముందు దాన్ని కిరసనాయిలులో కడిగించేవాడు. తువ్వాలతో తుడిచి, ఎడమ చేత్తో గిన్నె పట్టుకుని, కుడి పిడికిట్లో మెడ పట్టుకుని, గుండు గిన్నెలోకి దిగేచోట కుడి చిటికెన వేలు ఆనించేవాడు. ఇక కళ్లు మూసుకుని మెల్లగా పైకీ కిందికీ లాగేవాడు. కంటికి కనపడని ఊగులాట కూడా ఆ వేలికి తెలిసిపోయేది. ఆయన కళ్లు మూసుకుంటే దుకాణంలో సేఠు కూడా మాట్లాడడం మానేసేవాడు.

ఆ రోజు కూడా అట్లాగే కళ్లు మూసుకున్నాడు. అయితే మామూలు కంటే చాలాసేపు మూసుకున్నాడు. పది పన్నెండు జాయింట్లు పట్టి చూసి, కుడికి బిగిసే మర ఉన్నది ఒకటి, ఎడమకు బిగిసేది ఒకటి తీసి నా ఒళ్లో పెట్టి, "గివి తీస్కో, మంచిగున్నయి" అన్నాడు. నేను రసీదు తీసుకున్నాను.  బస్సులో ఆయన అరచెయ్యి తొడకేసి రుద్దుకుంటూ కూర్చున్నాడు.

సెక్షన్‌లో మేస్త్రీ వాటిని చేతిలోకి తీసుకుని ఒక్కసారి కదిపాడు. లొడలొడమన్నాయి. మేస్త్రీ నా మొహం చూసి, "మీ బావనే ఎంచిండా ఇవి? నిజంగనా?" అన్నాడు. నా మొహం ఎర్రబడింది. సాయంత్రం షెడ్డు వెనక బావను పట్టుకున్నాను. "సేఠు ఏం తాపిచ్చిండు బావా నీకు? ఎంతకు కుమ్మక్కయిన్రు ఇద్దరు?" అని అడిగాను. ఇరవై మూడేళ్ల వెధవను, నన్ను సాకిన మనిషిని ఆ మాట అడిగాను. ఆయన సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి తర్వాత చాలాసార్లు ప్రయత్నించాను. ఆయన ప్రతిసారీ "గదెప్పటి ముచ్చటరా" అని తీసిపారేసేవాడు.

మర్నాడు పొద్దున పాత జాయింట్లతోనే పరీక్షల బల్లలు తీసుకుపోవాలి. లెక్క చూసి అప్పగించడానికి నేను కూడా లారీ ఎక్కాల్సి వచ్చింది.  కాలేజీ ముందరి ఎత్తు ఎక్కేసరికి ఇంజను వేడెక్కింది. ఆయన దిగి, బానెట్ ఎత్తి, ఒట్టి చేత్తో రేడియేటర్ మూత తిప్పి తీశాడు. తువ్వాల భుజం మీదే ఉంది. బుసబుసమని ఆవిరి లేస్తుంటే పక్కకు జరిగి, మూత అట్లాగే చేతిలో పట్టుకుని, డబ్బాతో నీళ్లు పొయ్యమని నాకు సైగ చేశాడు. నేను నీళ్లు పోస్తూ ఆయన చెయ్యి చూశాను. మూత చుట్టూ చర్మం తెల్లబడి ఉబ్బుతోంది.

"బావా, చెయ్యి కాలుతున్నది!" అని అరిచాను.

ఆయన ముందు నా వైపు చూశాడు. తర్వాత చేతిని చూశాడు. చేతిని చూశాకే మూత వదిలాడు.

నాకు అప్పుడు అర్థమైంది. లారీ మెట్టు మీద కూర్చున్నాను. ఆయన వచ్చి పక్కన కూర్చుని, కాలిన చెయ్యి మోకాలి మీద వెల్లకిలా పెట్టి, వేరేవాళ్ల చేతిని చూసినట్టు చూస్తున్నాడు.

"ఎన్ని దినాలాయె?" అని అడిగాను.

"పోయినేడు వానల కాడ్నించి. ముందుగాల చిటికెన ఏలు. గిప్పుడు సగం అరచెయ్యి."

"మరి నిన్న జాయింట్లు?"

"గట్టిగున్నయో, లూజున్నయో నాకేం తెల్వలే బామ్మర్దీ. అన్ని ఒక్కతీర్గనే ఉన్నయి. సేఠు మొఖం చూసిన. ఆ రెండు పట్టుకున్నప్పుడు జర బెదిరినట్టు అనిపిచ్చింది. మంచి మాలు పోతున్నదని బెదురుతున్నడు అనుకున్న." చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ, "మీ అక్కకు చెప్పకు" అన్నాడు.

ఆయన చొక్కా చెయ్యి మడిచి చూశాను. మోచేతి కింద వెడల్పాటి మచ్చ ఉంది, చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి. అటువంటి మచ్చ మా ఇద్దరికీ తెలుసు. మా ఊళ్లో ఒకాయనకు అది వస్తే చెరుకు తోటల అవతల గుడిసె వేసి, అన్నం దూరంగా పెట్టి వచ్చేవాళ్లు. ఊళ్లో దాన్ని పేరు పెట్టి అనేవాళ్లు కాదు, పెద్దరోగం అనేవాళ్లు. ఆ రోజు మేమిద్దరం ఆ మాట కూడా అనలేదు. నాకు తెలియదని తర్వాత చాలామందికి చెప్పాను. ఇప్పుడు ముసలివాణ్ని, ఇక అబద్ధంతో పని లేదు. నాకు తెలుసు.

తెలిసీ దాచాను. లాలాపేట్‌లో మా వాకిట్లో నాలుగు కుటుంబాలకు ఒకటే నీళ్ల నల్లా. మచ్చ సంగతి బయటపడితే అక్కను ఆ నల్లా ముట్టనివ్వరని భయపడ్డాను. లారీ పోతుంది, ఇల్లు పోతుంది, ఊళ్లో చుట్టాలు తలుపులు వేసుకుంటారు. వీటన్నిటినీ నేనొక్కణ్నే ఆపగలననుకున్నాను. అంతకంటే తెలివితక్కువతనం ఇంకోటి లేదు గాని, అప్పుడది నాకు ప్రేమ అనిపించింది.

ఆ ఆదివారం బావ నన్ను యూనివర్సిటీ మైదానం పక్కన రాతిగోడ మీద కూర్చోబెట్టి, షెడ్డులోంచి తెచ్చిన పాత జాయింట్లు ముందు పెట్టి, ఎంచడం నేర్పాడు. నా చిటికెన వేలు తన ఎడమ చేత్తో పట్టుకుని సరైన చోట ఆనించాడు. "గీడ. ఇంకా కిందికి. ఇప్పుడు కండ్లు మూసుకో. కండ్లు తెరిస్తే కండ్లే చెప్తయి, ఏలు చెప్పదు." మొదట నాకేమీ తెలియలేదు. మూడో నాలుగో జాయింట్ దగ్గర వేలి కింద ఏదో చిన్నగా తగిలింది. "ఆడుతున్నది!" అన్నాను. బావ మొహం వెలిగిపోయింది. అరవై ఏళ్లు కావస్తోంది, ఆ వెలుగు ఇంకా నా కళ్ల ముందే ఉంది.

మళ్లీ రాణిగంజ్ పోయాం. అక్కడొక చిక్కుంది. బావ చెయ్యి అంటే ఆ దుకాణాల్లో పేరు. ఆయన పక్కకు జరిగి బామ్మర్ది చేత ఎంచనిస్తే పొద్దుగూకే లోపల ఆ ముచ్చట మా సెక్షన్‌కు చేరుతుంది. అందుకని బస్సులో ఒక ఏర్పాటు చేసుకున్నాం. ముందు నేను మర చూస్తున్నట్టు జాయింట్ చేతిలోకి తీసుకుంటాను, కుడిదో ఎడమదో చూస్తున్నట్టు నటిస్తూ వేలు ఆనిస్తాను. తర్వాత ఆయనకిస్తాను. ఆయన ఎప్పటిలాగే కళ్లు మూసుకుని లాగుతాడు. గట్టిది అయితే నేను దగ్గుతాను. వదులుదైతే ఊరుకుంటాను.

అట్లాగే చేశాం. సేఠు మాట్లాడడం మానేశాడు. మొదటి ఆరు జాయింట్లకు నేను దగ్గలేదు. బావ ఒక్కొక్కటీ పక్కకు విసిరేస్తూ, "గీ చెత్త నాకెందుకు చూపెడ్తవ్ సేఠ్?" అని దబాయించాడు. ఏడోది నా వేలికి రాయిలా తగిలింది. దగ్గాను. బావ కళ్లు తెరిచి, "గిది. గిది అసలు మాల్" అన్నాడు. సేఠు తల ఊపుతూ, "ఉస్తాద్ కా హాథ్ హై" అన్నాడు, ఆరితేరిన చెయ్యి అని. ఎడమకు బిగిసేది దొరికేసరికి మధ్యాహ్నం దాటింది.

మేస్త్రీ వాటిని బిగించాడు. నేను క్యాబిన్‌లో స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే, కింద పడుకుని జాయింట్ మీద అరచెయ్యి పెట్టి చూసి, "గదీ! మీ బావ చెయ్యంటే గిదీ" అని కేకేశాడు. ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టాడు. లారీ దక్కింది. బావ దాని బానెట్ తడిమి, ఎడమ చేత్తోనే, నా వైపు చూసి కన్ను గీటాడు. నాకు గర్వంగా ఉండింది. అంత గర్వం నాకు తర్వాత ప్రైవేటుగా బీఏ పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఇంతవరకే అయితే ఇది రాయాల్సిన పని లేదు.

చలికాలంలో డ్రైవర్లందరికీ ఆరోగ్య పరీక్ష వచ్చింది. బయటి నుంచి ఒక డాక్టరు వచ్చి, సెక్షన్ పక్క గదిలో ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. కాగితాలు అందించే పని నాది. బావ వంతు వచ్చింది. కళ్లు చూశాడు, గుండె చూశాడు. చెయ్యి చూసి ఆగాడు. కాలిన మచ్చ ఉంది. చిటికెన వేలు కొద్దిగా లోపలికి వంగి ఉంది. ఆ డాక్టరు మంచివాడే. తొందరలో ఉన్నాడు గాని, ఆగి చూశాడు. దూదిని వత్తిలా పేని, "కళ్లు మూసుకో. ముట్టినప్పుడల్లా చెప్పు" అన్నాడు.

బావ కళ్లు మూసుకున్నాడు. రాణిగంజ్ దుకాణంలో పెట్టే మొహమే పెట్టాడు. డాక్టరు చిటికెన వేలి మీద దూది ఆనించాడు. బావ కదల్లేదు. ఆయన కనురెప్పలు మాత్రం కొద్దిగా అదిరాయి.

నేను దగ్గాను.

"ముట్టిన్రు సార్" అన్నాడు బావ.

డాక్టరు అరచేతి మీద ఆనించాడు. దగ్గాను. "ముట్టిన్రు." ఆనించకుండా ఊరికే ఉన్నాడు. నేనూ ఊరుకున్నాను, బావా ఊరుకున్నాడు. ఉంగరం వేలి మీద. దగ్గాను. "ముట్టిన్రు సార్, గీడ." ఎక్కడో చెప్పడం మాత్రం ఆయన ఊహ. అది కూడా సరిపోయింది. డాక్టరు తల పైకెత్తి నన్ను చూసి, "నీకీ దగ్గు ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు. బావకు కీళ్లనొప్పి అని రాసి విటమిన్ మాత్రలు ఇచ్చాడు. నాకు దగ్గు మందు రాశాడు.

బయటికి వచ్చి, షెడ్డు వెనక గోడకు ఆనుకుని, ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. "నీకు దగ్గు మందు! నీకు దగ్గు మందు!" అని బావ నవ్వుతూనే ఉన్నాడు, కళ్లనిండా నీళ్లు కారుతున్నాయి. తార్నాక చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగాం. బావ రెండు సమోసాలు ఎక్కువ తెప్పించాడు. నేను బతికిన రోజుల్లో అంత సంతోషంగా గడిచినవి చాలా తక్కువ. ఆ రోజును తలుచుకోవడం అందుకే నాకు శిక్ష అయింది.

ఎండలు ముదిరేనాటికి ఆ రెండు వేళ్లూ అరచేతిలోకి పూర్తిగా వంగిపోయాయి. చాచమంటే చాచలేకపోయేవాడు. గేరు రాడ్‌ను మణికట్టుతో తోసేవాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేక, ఉక్కగా ఉందని వదిలేసేవాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఇద్దరం చూడనట్టే ఉన్నాం. ఒక పొద్దున అక్క జొన్నరొట్టెలు చేస్తుంటే, పెనం మీదున్న రొట్టెను ఆయన చేత్తో తీసుకుని, అట్లాగే పట్టుకుని మాట్లాడుతున్నాడట. అక్క రొట్టె లాక్కుని, చెయ్యి తిప్పి చూసి, చొక్కా పైకెత్తి చూసి, ఆ క్షణమే పొయ్యి ఆర్పేసింది.

మేం దేనికి భయపడ్డామో అక్క దానికి భయపడలేదు. "రోగమొస్తె దవాఖానకు పోవాలె. దాచిపెట్టుడేంది? బియ్యమా, బెల్లమా దాచిపెట్టనీకి?" అని ఆయన మీద విరుచుకుపడింది. నల్లా సంగతి నేను సణిగితే, "నల్లా ముట్టనియ్యకుంటె బౌద్ధనగర్ల ఇంకో ఇల్లు చూసుకుంటం. ఇల్లు దొరుకుతది. చెయ్యి దొరుకుతదా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, "నీకెరుకనా తమ్మీ?" అని అడిగింది.

"లేదక్కా" అన్నాను. బావ నేల చూస్తున్నాడు.

ఆ రోజే ముగ్గురం పెద్ద దవాఖానకు పోయాం. చర్మరోగాల డాక్టరు తెల్లజుట్టు మనిషి, నెమ్మది మనిషి. బావను కూర్చోబెట్టి, అక్కనూ నన్నూ బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. తలుపు సగం తెరిచే ఉంది. నాకు బావ వీపూ, సగం మొహమూ కనపడుతున్నాయి. డాక్టరు దూది తీసుకోవడం కూడా చూశాను.

"కళ్లు మూసుకో. ముట్టినప్పుడు చెప్పు."

డాక్టరు దూది ఆనించాడు.

"ఇప్పుడు?"

 బావ కళ్లు మూసుకునే, తల కొంచెం తలుపు వైపు తిప్పాడు. నా వైపు. వినడానికి.

నా గొంతులో దగ్గు పుట్టింది. నిజం దగ్గో, అలవాటు దగ్గో నాకు తెలియదు. భుజం మీది తువ్వాల నోట్లో కుక్కుకున్నాను.

"ఇప్పుడు? ఇక్కడ? ఇక్కడ ముట్టానా?" డాక్టరు అడుగుతూనే ఉన్నాడు. బావ తల తలుపు వైపే ఉండిపోయింది. చివరికి, "తెల్వదు సార్" అన్నాడు.

తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచాడు. కుష్ఠు అని పేరు పెట్టి, మామూలు జ్వరం సంగతి చెప్పినట్టే చెప్పాడు. మందు ఉంది, ఏళ్లపాటు మింగాలి, ఇంట్లో అందరూ కలిసే ఉండొచ్చు, రోగం ఆగిపోతుంది అన్నాడు. ఈ రెండు వేళ్లు మాత్రం తిరిగి చాచలేవు, పోయిన స్పర్శ రాదు, నరం చచ్చిపోయింది అన్నాడు. "చలికాలంలో వచ్చి ఉంటే వేళ్లు దక్కేవి. అప్పుడు ఎవరికీ చూపించలేదా?"

నేను నోరు తెరిచాను. నాకంటే ముందే బావ అన్నాడు: "చూపిచ్చినం సార్. నేనే సరిగ చెప్పలే."

బావను లారీ నుంచి తీసేశారు. ఆఫీసరు గేటుకు పంపకుండా షెడ్డులోనే కాపలా పని ఇచ్చాడు, దానికి ఆయనకు దండం పెట్టాలి. నల్లా దగ్గర రెండు కుటుంబాలు గొడవ చేశాయి, మిగతా ఒక కుటుంబం మా వైపు నిలబడింది. ఆరు నెలల తర్వాత బౌద్ధనగర్ మారాం. మందు పనిచేసింది. మచ్చ మాసిపోయింది, వేళ్లు మాత్రం వంగే ఉన్నాయి. లారీని ఇంకో డ్రైవరు రెండేళ్లు నడిపాడు. చివరికి దాన్ని ముక్కలుగా విప్పినప్పుడు, ఆ రెండు జాయింట్లనూ మేస్త్రీ చేతిలోకి తీసుకుని కదిపి చూశాడు. ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆ మాట మేస్త్రీ చెబుతుంటే నేను స్టోర్‌లోకి పోయి తలుపు వేసుకున్నాను.

అక్కకు నేను నిజం చెప్పలేదు. చెప్పాలని చాలాసార్లు దగ్గర కూర్చున్నాను. ఆమె "ఏంది తమ్మీ?" అంటే "ఏం లేదక్కా" అనేవాణ్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి అక్కా లేదు, బావా లేడు.

ఇంకొక్క సంగతి ఉంది. ఆ రోజు దవాఖాన నుంచి తిరిగొచ్చే బస్సులోది. అక్క ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. బావా నేనూ వెనక. ఆయన మాత్రల పొట్లం ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తున్నాడు. నేను ఆయన మొహం చూడలేక ముందు సీటు కడ్డీ చూస్తున్నాను. తార్నాక దగ్గరికొస్తుండగా, నా వైపు తిరక్కుండానే, ఎప్పుడూ నన్ను ఆటపట్టించే గొంతుతోనే అడిగాడు.

"ఇయ్యాల దగ్గలేదేంది బామ్మర్దీ?"

నన్ను నవ్వించాలనే అడిగాడు. నాకది తెలుసు. తువ్వాలలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ముందు నుంచి అక్క వెనక్కి తిరిగి, "గానికేమైంది?" అని అడిగింది.

బావ తన వంగిన చెయ్యి నా వీపు మీద వేసి, "ఏం లేదు. దగ్గొస్తున్నది వానికి" అన్నాడు.